పదకొండో రోజు పంపకం

*తల్లో తండ్రో కన్నుమూసిన క్షణానే పిల్లల వాటా పిల్లలదైపోతుంది. ఆ వాటా కాగితం మీదికి ఎక్కడమే కష్టం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఆ కాగితం చుట్టూ జరిగే కథ ఇది.*

2024 మే నెల. సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల మండలంలో ఒక చిన్న ఊరు. ఎనభై ఏళ్ల తల్లి చనిపోయింది. పాడె కట్టాల్సిన వేళకు పంచాయితీ మొదలైంది. ఆమె దాచుకున్న డబ్బు ఎవరికి, బంగారం ఎవరికి? అది తేలితే తప్ప అంత్యక్రియలు జరగవని కన్నబిడ్డలే పట్టుబట్టారు. శవం ఇంటి దగ్గరే ఉండిపోయింది. పెద్దమనుషులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. సాయంత్రానికి రెండు రాష్ట్రాల్లోనూ ఆ వార్త చూడనివారు లేరు.

ఆ బిడ్డలను అందరూ తిట్టారు. తిట్టాల్సిందే. అయితే తల్లి శవం గడప దాటితే తమ పాలు కూడా గడప దాటిపోతుందన్న భయం వాళ్లకు ఎందుకు కలిగింది? ఆ సంగతి ఎవరూ అడగలేదు. మన పల్లెల్లో ఆ భయానికి కారణం ఉంది. చావుకీ పదకొండో రోజు దినాలకీ మధ్య నలుగురి ముందు అనుకున్న మాటే ఆ తర్వాత ముప్పై ఏళ్లు చెల్లుతుంది. ఆ పదకొండు రోజుల్లో నోరు విప్పనివాళ్లకు తర్వాత విప్పే అవకాశం రాదు. నేరేడుచర్ల ఇంట్లో పోట్లాడిన వారసులు కనీసం పెద్దవాళ్లు, గొంతున్నవాళ్లు. నోరు విప్పలేని వారసులు చాలా ఇళ్లలో ఉన్నారు. ఏడేళ్ల పిల్ల ఉంటుంది, ఉయ్యాలలో పిల్లవాడు ఉంటాడు, కులం కాని వాణ్ని చేసుకున్నందుకు గడప తొక్కనివ్వని కూతురు ఉంటుంది. ఈ కథనం వాళ్ల గురించి.

చితి ఆరకముందే చట్టం పంచేస్తుంది

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. వీలునామా రాయకుండా మగమనిషి చనిపోతే అతని ఆస్తి మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తుందని అది చెబుతుంది. కొడుకు, కూతురు, భార్య, తల్లి ఆ వరుసలో ముందుంటారు. తండ్రి అందులో లేడు. చనిపోయినవాడి తల్లికి పాలు ఉంటుంది, తండ్రికి ఉండదు. పిల్లల నాయనమ్మకు వస్తుంది, తాతకు రాదన్నమాట. ఈ సంగతి చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ.

ఆడమనిషి చనిపోతే ఆమె ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానం. తనకన్నా ముందే చనిపోయిన బిడ్డ ఉంటే, ఆ బిడ్డ పాలు ఆ బిడ్డ పిల్లలది. తల్లి ఒంటి మీది బంగారానికీ బ్యాంకులోని డబ్బుకీ ఇదే లెక్క. బతికుండగా ఆమె ఎవరికైనా తన చేతులతో ఇచ్చేసింది ఇచ్చినవాళ్లదే. మిగిలిందే పంపకానికి వస్తుంది.

ఈ పంపకానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తలకొరివి ఎవరు పెట్టారన్నది చట్టానికి పట్టదు. చివరి రోజుల్లో ఎవరు చూసుకున్నారన్నదీ వాటాను పెంచదు, తగ్గించదు. ఊపిరి ఆగిన నిమిషంలో ఎవరి పాలు వాళ్లదైపోతుంది. పెద్దనాన్న దయతల్చి ఇచ్చేది కాదు, ఊరి పెద్దలు తీర్పు చెప్పి ఇప్పించేదీ కాదు. పెద్దలు చేయగలిగింది ఒక్కటే, అప్పటికే ఉన్న హక్కును ఒప్పుకోవడం.

---

▣ ఆరెకరాల లెక్క

ఒక రైతు వీలునామా లేకుండా చనిపోయాడు. భార్య, కొడుకు, కూతురు, తల్లి ఉన్నారు.

ఆరెకరాలూ అతను కొనుక్కున్నవైతే నలుగురికీ తలా ఎకరంన్నర.

అన్నదమ్ములతో పంచుకోగా వచ్చిన పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. అందులో కొడుక్కీ కూతురికీ పుట్టుకతోనే పాలు ఉంది. ముందు తండ్రికి, కొడుక్కి, కూతురికి రెండేసి ఎకరాలు. తర్వాత తండ్రి రెండెకరాలు నలుగురు వారసులకు అరెకరం చొప్పున. చివరికి పిల్లలకు తలా రెండెకరాల ఇరవై గుంటలు, భార్యకు ఇరవై గుంటలు, తల్లికి ఇరవై గుంటలు.

తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. 1956 తర్వాత తాత చనిపోయి, ఆ చట్టం ప్రకారం తండ్రికి దక్కిన వాటా తండ్రి సొంత ఆస్తి కిందికే వస్తుందని 1986లో చందర్‌ సేన్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితాలు చూడకుండా ఊళ్లో ఎవరు చెప్పిన లెక్కనూ నమ్మొద్దు.

---

సంతకం పెట్టలేని వారసులు

హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగా పోతుంది. ఆ రోడ్డు పక్క ఊళ్లలో ప్రమాదంలో మనిషిని పోగొట్టుకోని వాడకట్టు వెతకాలి. ఒక ఇంటిని ఊహించుకుందాం. ముప్పై రెండేళ్లవాడు బైకు మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. ఇరవై ఆరేళ్ల భార్య, ఏడేళ్ల బిడ్డ, నాలుగేళ్ల కొడుకు మిగిలారు. సాగర్‌ ఎడమ కాలువ కింద తాతల నాటి పొలం ఉంది. పట్టా ఇంకా తాత పేరు మీదే ఉంది.

దినాలు అయిన సాయంత్రం మాటలు ఇలా మొదలవుతాయి.

"నీకెందుకమ్మా రంది? పిల్లలు పెద్దగైనంక సూద్దాం. మేం లేమా?"

"ఇప్పుడు పట్టా మార్పిస్తే ఆఫీసులల్ల తిరగలేవు బిడ్డా. మీ బావ పేరు మీదుంటే మన ఇంట్లున్నట్టే గదా."

కొన్నాళ్లకు ఆమె పుట్టింటివాళ్లు మళ్లీ పెళ్లి మాట ఎత్తుతారు. అప్పుడు స్వరం మారుతుంది. "ఇంకోని ఇంటికి పోయేదానికి ఈడ పాలెట్లొస్తది?"

ఇందులో మొదటి మాట అన్నవాళ్లందరూ చెడ్డవాళ్లు కాదు. చాలామంది మనసారా అంటారు, కొందరు మాట నిలబెట్టుకుంటారు కూడా. కానీ కాలం గడుస్తుంది. అన్న అప్పు చేస్తాడు, పొలం బ్యాంకులో పెడతాడు, తర్వాత అన్న పిల్లలు పెద్దవాళ్లవుతారు. పదిహేనేళ్ల తర్వాత తమ్ముడి కొడుకు వచ్చి "మా నాయిన పాలు" అంటే ఆ మాటకు సాక్షి ఎవరూ మిగలరు. నమ్మకం ఉన్న ఇంట్లోనే కాగితం త్వరగా రాసుకోవాలి. నమ్మకం పోయిన ఇంట్లో ఎవరు రాస్తారు?

లారీ కింద పోయినవాడి భార్య, ఇద్దరు పిల్లల స్థితి ఇది. పొలం పిత్రార్జితమైతే తండ్రికి అందులో ఉన్న పాలు అతని భార్యకు, తల్లికి, పిల్లలకు చేరుతుంది. తాత బతికే ఉన్నాడన్నది దీనికి అడ్డు కాదు. పొలం తాత కష్టార్జితమైతే ఆయన బతికున్నన్నాళ్లూ ఎవరికీ హక్కు లేదు, ఎవరికైనా రాసిచ్చే స్వేచ్ఛ ఆయనది. ఏమీ రాయకుండా తాత పోతే, ముందే పోయిన కొడుకు వాటా ఆ కొడుకు భార్యాపిల్లలదే. "కొడుకే పోయిండు, ఇంకా కోడలికేంది?" అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

మళ్లీ పెళ్లి సంగతి కూడా తేలిపోయిన విషయమే. భర్త నుంచి ఒకసారి సంక్రమించిన వాటా పెళ్లి చేసుకున్నంత మాత్రాన వెనక్కి పోదు. తల్లి ఎవరిని చేసుకున్నా పిల్లల వాటా పిల్లలదే, కొత్త భర్తకు అందులో ఏమీ ఉండదు. మామ ఆస్తిలో కోడలి హక్కును మళ్లీ పెళ్లితో ముడిపెట్టిన పాత 24వ సెక్షన్‌ను 2005లో పార్లమెంటు తీసేసింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ కబురు మన దినాల పందిళ్లకు ఇంకా చేరలేదు.

ప్రమాద పరిహారానికి దారి వేరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ మైనర్ల వాటాను మామూలుగా బ్యాంకులో ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ చేయిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండాక బిడ్డే తీసుకోవాలి. పొలం విషయంలో కూడా ఇంత జాగ్రత్త తీసుకునే ఆఫీసు ఉంటే ఎంత బాగుండేది! 2022 ఏప్రిల్‌ నుంచి పరిహారం దరఖాస్తుకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. దుఃఖంలో ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయో తెలియదు. దగ్గరివాళ్లు గుర్తుచేయాల్సిన మొదటి పని అదే.

తహసీల్‌ ఆఫీసులో మాయమయ్యే పేర్లు

ఒక పాత తరం మనిషి పోతే ఊళ్లో "ఫౌతి చేయించాలె" అంటారు. విరాసత్‌ అనీ అంటారు. చనిపోయినవాళ్ల పేరు తీసి వారసుల పేర్లు ఎక్కించడం. దానికి కావలసినవి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌. రెండోదానికి మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు విచారించి ఇస్తారు. పిల్లల పేరు జారిపోయేది ఇక్కడే.

దరఖాస్తు పెట్టేది ఇంట్లో తిరగగలిగిన మగమనిషి. ఆయన చెప్పిన పేర్లే ఫారంలోకి ఎక్కుతాయి. అత్తగారింట్లో ఉన్న చెల్లెలి పేరు ఉండదు. పుట్టింటికి వెళ్లిపోయిన మరదలి పిల్లల పేర్లు ఉండవు. ఊళ్లో విచారణకు వచ్చినవాళ్లకు ఇంటి ముందు కూర్చున్న నలుగురు తలూపితే పని అయిపోతుంది. ఆ సర్టిఫికెట్‌ ఎవరు ఎంతకు హక్కుదారులో తేల్చదు, తేల్చే అధికారం సివిల్‌ కోర్టుది. అయినా ఆచరణలో అదే తొలి మెట్టు. అందులో లేని పేరు పాస్‌బుక్‌లో ఉండదు. పాస్‌బుక్‌లో లేని పేరుకు రైతుబంధు రాలేదు, రైతు భరోసా రాదు, బ్యాంకు అప్పు పుట్టదు.

2020 అక్టోబరు చివర్లో ధరణి పోర్టల్‌ వచ్చాక ఈ పని కంప్యూటర్లోకి మారింది. స్లాట్‌ బుక్‌ చేసుకుని, వారసులమంటూ అఫిడవిట్లు పెట్టి సంతకాలు చేస్తే అదే రోజు పట్టా మారేది. వేగం బాగుంది. ఆ రోజు ఆఫీసుకు రాని వారసుడికి కబురు ఎవరు పెట్టాలి? ఆ ఏర్పాటు సరిగా లేదు. తప్పు జరిగిందని తెలిసి వెళ్తే రెవెన్యూలో పైఅధికారికి అప్పీలు చేసుకునే దారి కూడా లేకపోయింది. సివిల్‌ కోర్టుకు వెళ్లమనేవారు. ఇద్దరు పిల్లలను పెట్టుకుని కూలికి పోయే ఆడమనిషికి సివిల్‌ దావా వేయమని చెప్పడం, వదిలేసుకోమని చెప్పడంతో సమానం.

2025 ఏప్రిల్‌ 14 నుంచి భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. వారసత్వ మార్పిడికి ముందు తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ చేయాలని ఇది చెబుతోంది. అన్యాయం జరిగిందనుకుంటే ఆర్డీవో దగ్గరికి, ఆపైన కలెక్టర్‌ దగ్గరికి అప్పీలు దారి తిరిగి వచ్చింది. ఇది మంచి మార్పు. నోటీసు ఎవరి పేరున, ఏ చిరునామాకు పోతుందన్న దాని మీదే దాని ఫలితం ఆధారపడుతుంది. మళ్లీ అది కుటుంబ సభ్యుల జాబితా దగ్గరికే వస్తుంది. భర్త పోయిన మహిళ పుట్టింటికి వెళ్లిపోయినా సరే, తహసీల్‌ ఆఫీసులో తన పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామా రాసి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఈ పనికి వకీలు కూడా అక్కర్లేదు. ఆ రసీదు ఉంటే "వారసులు వేరే లేరు" అని ఎవరూ అంత తేలిగ్గా చెప్పలేరు.

కోదాడ వైపు మరో చిక్కు. ఆ పట్నం దాటి కొంచెం పోతే జగ్గయ్యపేట, అంటే ఆంధ్రప్రదేశ్‌. రెండు వైపులా చుట్టరికాలు, పొలాలు ఉన్న కుటుంబాలకు 2014 తర్వాత ఒకే చావుకు రెండు రాష్ట్రాల రికార్డుల్లో ఫౌతి చేయించాల్సి వస్తోంది. ఒక వైపు చేయించి రెండో వైపు వదిలేసేవాళ్లున్నారు. వదిలేసిన వైపు ఎవరి సాగులో ఉంటే వాళ్లదన్నట్టు నడిచిపోతుంది.

---

▣ నామినీ ఎవరు, సొంతదారు ఎవరు

బ్యాంకు ఖాతాలో నామినీగా తమ్ముడి పేరు ఉంటే ఆ డబ్బు తమ్ముడిదైపోదు. నామినీకి చెల్లించి బ్యాంకు తన బాధ్యత తీర్చుకుంటుంది. నామినీ ఆ సొమ్మును వారసులకు అప్పజెప్పాలి. షేర్ల విషయంలోనూ ఇదేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు.

జీవిత బీమా కొంచెం వేరు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే సొమ్ము వాళ్లదేనన్న అర్థం వచ్చేలా 2015లో చట్టం మార్చారు. దీని మీద కోర్టులు ఒకే మాట మీద లేవు.

2018 ఆగస్టులో మొదలైన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షల రూపాయలు నామినీకి వస్తాయి. పెళ్లికి ముందు తల్లిని నామినీగా రాసినవాళ్లు పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఆ ఫారం ఒకసారి చూసుకోవాలి. నామినీ కూడా చనిపోయి ఉంటే మార్పించాలి.

---

"నువ్వు మా బిడ్డవే కాదు" అంటే

ఈ ప్రాంతంలో తండ్రి, కూతురు, ఆస్తి అన్న మూడు మాటలు కలిస్తే మిర్యాలగూడ గుర్తురాక మానదు. 2018 సెప్టెంబరు 14న ఆ పట్టణంలో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న పెరుమాళ్ల ప్రణయ్‌ను పట్టపగలు కత్తితో నరికి చంపారు. పక్కనే గర్భిణి అయిన భార్య అమృత ఉంది. అతను దళితుడు, ఆమె వైశ్య కుటుంబంలో పుట్టింది. హత్య చేయించాడన్న కేసులో ప్రధాన నిందితుడు ఆమె తండ్రి మారుతీరావు. విచారణ ముగియకముందే 2020 మార్చిలో ఆయన హైదరాబాద్‌లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.

ఆ తండ్రి చనిపోయినప్పుడు టీవీల్లో ఆస్తి ఎవరికన్న ప్రశ్న పదే పదే వినిపించింది. భర్తను పోగొట్టుకున్న అమ్మాయిని ఆ ప్రశ్నతో నిలదీయడం క్రూరం. ఆ కుటుంబ వివరాల్లోకి నేను వెళ్లను. అయితే ఆ రోజుల్లో ఇళ్లలో జనం అనుకున్న మాటలకు జవాబు చెప్పాలి. "కులం తప్పింది, ఇంకేం హక్కు?" అని చాలామంది నమ్మకంగా అన్నారు. ఆ నమ్మకం తప్పు. కులం నుంచి వెలివేసినా, మతం మారినా ఆస్తి హక్కు పోదని 1850లోనే కుల అనర్హతల నిర్మూలన చట్టం వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌ మరీ సూటిగా ఉంటుంది. జబ్బు, అంగవైకల్యం, చట్టంలో చెప్పని మరే కారణంతోనూ వారసుణ్ని తప్పించడానికి వీల్లేదు. పేపర్లో ప్రకటన వేసినా, బతికుండగానే పిండం పెట్టినా బిడ్డ బిడ్డే.

తండ్రి చేతిలో ఉన్నది వీలునామా ఒక్కటే. సొంత ఆస్తిని, పిత్రార్జితంలో తన వాటాను ఎవరికైనా రాసుకోవచ్చు. బిడ్డకు పుట్టుకతో వచ్చిన పాలును వీలునామాతో తీసేయలేడు. ఈ తేడా తెలియక అసలు వీలునామా ఉందో లేదో కనుక్కోకుండానే హక్కు వదులుకున్న కూతుళ్లు ఎందరో.

ఇంకో మాట. భర్త చనిపోయే నాటికి భార్య కడుపులో ఉన్న శిశువు, ప్రాణంతో పుడితే, అప్పటికే పుట్టిన బిడ్డతో సమానమైన వారసుడు. హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్‌ ఈ మాట చెబుతుంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టమూ ఇదే చెబుతుంది. గర్భిణి అయిన కోడలు ఇంట్లో ఉండగా పదకొండో రోజే పంపకం రాసుకున్నారంటే, పుట్టబోయే బిడ్డ పాలు పక్కన పెట్టకుండా రాసిన ఆ కాగితం నిలబడదు.

పసుపు కుంకుమల కింద ఇచ్చినం గదా!

కూతుళ్ల హక్కులో తెలుగు నేల దేశానికి దారి చూపింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. ఒకే ఇంట్లో పెద్దక్కకు లేని హక్కు చిన్న చెల్లెలికి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా అందరు కూతుళ్లకూ వర్తించింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ పదిహేనేళ్లు నడిచింది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడకూడదు.

చట్టం ఇంత దూరం వచ్చింది. ఇంటి మాట మాత్రం కట్నం దగ్గరే ఆగింది. "పెండ్లికి ఇచ్చినం, పసుపు కుంకుమల కింద ఎకరం రాసినం, ఇంకేముంది?" అంటారు. రాసిచ్చిన ఎకరం నిజంగా రిజిస్టరైతే అది ఆమెది, సంతోషం. నోటిమాటగా ఇచ్చి, పట్టా అన్న పేరు మీదే ఉంచిన ఎకరాలే ఎక్కువ. కట్నం ఇవ్వడం నేరం, దాన్ని వాటాలో మినహాయించుకోవడం ఏ చట్టంలోనూ లేదు.

ఆడబిడ్డ తెలిసీ వదులుకుంటుంది, అది నిజం. పుట్టింటి దారి మూసుకుపోతుందని, పండగకు పిలుపు రాదని, పిల్లల పెళ్లిళ్లకు మేనమామ ఉండడని. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. హక్కు విడుదల దస్తావేజు మీద ఆమె ఇష్టపడి సంతకం పెడితే అది ఆమె నిర్ణయం. "తహసీల్‌ ఆఫీసుల చిన్న సంతకం ఉంది, రా" అని పిలిపించి పెట్టించుకున్నది మాత్రం మోసం. సాగర్‌ నీళ్లు పారి, మిర్యాలగూడ చుట్టూ రైస్‌ మిల్లులు లేచి, రోడ్డు పక్క పొలం ప్లాట్లయ్యాక ఆ చిన్న సంతకం విలువ లక్షల్లోకి వెళ్లింది. పాత తగాదాలు ఇప్పుడు కోర్టుకెక్కడానికి ఇదీ ఒక కారణం.

రెండో ఇంటి పిల్లలు

మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లదు. ఆ పెళ్లికి పుట్టిన పిల్లలు చెల్లుతారు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్‌ వాళ్లను సక్రమ సంతానంగానే చూస్తుంది. తండ్రి సొంత ఆస్తిలోనే కాదు, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో కూడా వాళ్లకు పాలు ఉందని 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో భాగస్తులు కారు, అంతవరకే తేడా. ఆ స్త్రీకి భార్యగా వాటా రాదు, పిల్లలకు వస్తుంది. చావు ఇంటికి ఈ పిల్లలు వస్తే గుమ్మంలోనే ఆపేస్తారు. తండ్రి ముఖం చూడనివ్వకపోయినా వారసత్వాన్ని ఆపలేరు.

---

▣ తండ్రి అప్పు బిడ్డ మెడకు చుట్టుకుంటుందా?

రైతు పోయిన ఇంటికి ప్రామిసరీ నోట్లు ముందు వస్తాయి. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే అప్పుకు బాధ్యత. ఆస్తి ఏమీ రాకపోతే బిడ్డ సొంత సంపాదన జోలికి రాకూడదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత సూత్రంతో దావా వేసే వీలును 2005 సవరణ తొలగించింది. భర్త అప్పుకు తాను పూచీ అని భార్య కొత్త నోటు రాసిస్తే మాత్రం అది ఆమె అప్పైపోతుంది. దుఃఖంలో ఉన్న మనిషి చేత కొత్త నోటు మీద వేలిముద్ర వేయించనివ్వకండి.

---

తండాకు వేరే లెక్క

పైన చెప్పిందంతా అందరికీ వర్తించదు. ముస్లిం కుటుంబంలో కొడుక్కి రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు, ఆ ఒక పాలును ఎవరూ తీసేయలేరు. వీలునామా మూడో వంతు దాటకూడదు. తండ్రి కన్నా ముందే చనిపోయిన కొడుకు పిల్లలకు, బాబాయి ఉన్నప్పుడు తాత ఆస్తి రాదు. అలాంటి మనవల పేరున తాత బతికుండగానే ఏదైనా రాయడం మంచిది. క్రైస్తవ కుటుంబంలో భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానం.

దామరచర్ల, అడవిదేవులపల్లి, మఠంపల్లి, పాలకవీడు, చివ్వెంల వైపు లంబాడా తండాలు చాలా ఉన్నాయి. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగ. హిందూ వారసత్వ చట్టం 2వ సెక్షన్‌ రెండో భాగం ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం తెగలకు వర్తించదు. తండాల్లో కూతురు అడిగితే "మన ఆచారంలో లేదు" అన్న మాటతో ముగుస్తుంది. గిరిజన స్త్రీలకు సమాన హక్కు లేకపోవడం సరికాదని, చట్టం మార్చే విషయం చూడమని 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. 2025 జులై 17న రామ్‌ చరణ్‌ కేసులో ఇంకో అడుగు వేసింది. స్త్రీకి వాటా లేదనే ఆచారం ఉందని నిరూపించలేకపోతే, సమానత్వం ప్రకారం వాటా ఇవ్వాల్సిందేనంది. అంటే "ఆచారం" అని నోటితో అంటే చాలదు, రుజువు చూపాలి. చట్టం మార్చే పని పార్లమెంటు చేతిలోనే ఉంది. ఇది జరగాల్సి ఉండి జరగనిది. తండా బిడ్డ తండ్రి ఎకరం కోసం ఒక్కతే కోర్టులో ఆచారం మీద వాదించాల్సి రావడం న్యాయం కాదు.

పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా

మైనర్‌ పేరు పట్టాలోకి ఎక్కిందనుకుందాం. పెళ్లిఖర్చుకో, అప్పుకో, పట్నంలో ఇంటికో ఎవరో దాన్ని అమ్ముతారు. ఎవరు అమ్మారన్నది ఇక్కడ ముఖ్యం.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం ప్రకారం తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలు తల్లి. ఆమె కూడా మైనర్‌ పేరున ఉన్న భూమిని, ఇంటిని జిల్లా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. పిల్లవాడికి అవసరమనీ మేలనీ నమ్మితేనే కోర్టు ఒప్పుకుంటుంది. అనుమతి లేకుండా అమ్మితే, పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని బిడ్డ రద్దు చేయించవచ్చు. తాత, పెద్దనాన్న, బాబాయి, మేనమామ సహజ సంరక్షకులు కారు. కోర్టు నియమించకుండా, కేవలం పెంచుతున్నామన్న కారణంతో వాళ్లు మైనర్‌ ఆస్తిని అమ్మడానికి 11వ సెక్షన్‌ ఒప్పుకోదు. ఇంకా పంచుకోని ఉమ్మడి ఆస్తిలో ఇంటి పెద్ద కుటుంబ అవసరానికి అమ్మితే మాత్రం అది వేరే వాదన. పెద్దయ్యాక చాలా కేసులు ఆ వాదన మీదే ఓడిపోతాయి. పిల్లల వాటాను వేరుగా, హద్దులతో రాయించడం అందుకే అవసరం.

తల్లి చేసిన అమ్మకాన్ని రద్దు చేయించడానికి గడువు పద్దెనిమిదేళ్లు నిండినప్పటి నుంచి మూడేళ్లు. ఇరవై ఒకటి దాటితే తలుపు మూసుకుంటుంది. ఆ మూడేళ్లు మన పిల్లలు ఎక్కడుంటారు? హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌ హాస్టల్లో, లేదా మిల్లులో పనిలో, లేదా అత్తగారింట్లో. తమ పేరున ఒకప్పుడు రెండెకరాలుండేవని వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. ప్రభుత్వం నుంచి ఏ ఉత్తరమూ రాదు. ఓటరు జాబితాలో చేరమని పద్దెనిమిదేళ్ల పిల్లలకు గుర్తుచేసే ప్రభుత్వం, భూభారతి రికార్డులో మైనర్‌గా నమోదైన పేరుకు పద్దెనిమిది నిండిన రోజున "ఇది నీ సర్వే నంబరు, ఇదీ దాని ప్రస్తుత స్థితి" అని ఒక సందేశం పంపలేదా? పుట్టిన తేదీ రికార్డులో చేర్చితే చాలు, ఆ పనికి కొత్త చట్టం కూడా అవసరం లేదు.

అలాంటి ఏర్పాటు వచ్చేదాకా ఆ పని మేనత్తలు, మేనమామలు, టీచర్లు చేయాలి. చిన్నప్పుడే తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్లలు మీ ఎరుకలో ఉంటే, ఇంటర్‌ అయిపోయాక ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మీ నాన్న పేరున ఏముండేది, ఏ ఊరు, ఏ సర్వే నంబరు? మీసేవలో ఈసీ (ఎన్‌కంబరెన్స్‌ సర్టిఫికెట్‌) తీయించండి. పాత పహాణీ నకలుకు అర్జీ పెట్టండి. ఆ రెండు కాగితాల్లో ఏ సంవత్సరం ఏ పేరు పోయి ఏ పేరు వచ్చిందో కనిపిస్తుంది. అనుమానం కలిగితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కోర్టుల ప్రాంగణాల్లోని న్యాయసేవల కమిటీకి తీసుకెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలు ఉచితం. ఫోన్‌ చేయాలంటే 15100. వెళ్లేటప్పుడు పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్‌ వెంట తీసుకెళ్లండి, కోర్టు గడువు లెక్కించేది ఆ తేదీని బట్టే.